అంచనా కాగితం నుంచి ఆఖరి రసీదు దాకా: గాయపడిన వీధికుక్కల వైద్యానికి విరాళాల సేకరణ

వాహనం గుద్ది కాలు విరిగిన వీధికుక్కను బతికించడానికి మంచి పశువైద్యుడు ఎంత అవసరమో, ఆ వైద్యానికయ్యే డబ్బును వేళకు, పద్ధతిగా సమకూర్చగలిగిన మనిషి కూడా అంతే అవసరం. పెంపుడు కుక్కకైతే బిల్లు కట్టే యజమాని ఉంటాడు గాని, వీధికుక్క బిల్లు ఎవరి పేరున రాయాలన్న ప్రశ్నకు ఆసుపత్రి కౌంటర్ దగ్గర జవాబు దొరకదు. రాజ్యాంగంలోని 51ఎ(జి) అధికరణం జీవుల పట్ల దయ చూపడాన్ని పౌరుల ప్రాథమిక విధుల్లో చేర్చింది; 1960 నాటి జంతు హింస నివారణ చట్టం మూగజీవాలను హింసించడాన్ని నేరంగా పరిగణించింది; 2023 జంతు సంతాన నియంత్రణ నియమాలు, అంటే వాడుకలో ఏబీసీ రూల్స్ అనేవి, వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేయించే బాధ్యతను ప్రధానంగా స్థానిక సంస్థల మీద ఉంచాయి. ఇవన్నీ అవసరమైనవే అయినా, తొడ ఎముకకు వేయవలసిన ప్లేటు ఖరీదు వీటిలో ఏదీ తీర్చదు. 2019 పశుగణన మన దేశంలోని వీధికుక్కల సంఖ్యను దాదాపు 1.53 కోట్లుగా లెక్కించింది. 1992లో అమల అక్కినేని ప్రారంభించిన హైదరాబాద్ బ్లూ క్రాస్, 1996లో విశాఖపట్నంలో మొదలైన వీఎస్‌పీసీఏ వంటి జంతు సంరక్షణ సంస్థలు ఎంత శ్రమించినా, ఇన్ని ప్రాణుల్లో గాయపడిన ప్రతిదాన్నీ తమ ఆవరణలోకి తీసుకోవడం వాటి శక్తికి మించిన పని. కాబట్టి రోడ్డు మీంచి కుక్కను ఎత్తి ఆటోలో వేసినవారి మీదే, వారు ఉద్యోగి అయినా విద్యార్థి అయినా, ఆ ఖర్చు భారం పడుతోంది.

అలాంటివారిలో చాలామంది కుక్కను చేర్చిన గంటలోనే ఫొటో తీసి, ఫోన్ నంబరు జోడించి, "దయచేసి సాయం చేయండి" అని పది వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. మొదటిసారి డబ్బు వస్తుంది, రెండోసారి తగ్గుతుంది, మూడోసారి గ్రూపులో ఎవరూ మాట్లాడరు. జనంలో జాలి అడుగంటిందని ఆ మౌనానికి అర్థం చెప్పుకోవడం సరికాదు. ఇచ్చిన డబ్బు ఏమైందో, ఆ కుక్క చివరికి నడిచిందో లేదో దాతకు ఎవరూ చెప్పకపోవడమే చాలా సందర్భాల్లో దానికి కారణం. ఫొటో చూసి కదిలిన మనసు ఒక్కసారి ఇస్తుంది, లెక్క చూసి కుదిరిన నమ్మకం ఏళ్ల తరబడి ఇస్తుంది. ఈ అధ్యాయంలో చెప్పే పద్ధతులన్నీ ఆ రెండో దాన్ని సంపాదించడానికే.

అడగడానికి ముందు

విరాళం అడగడం కన్నా ముందు చేయవలసిన పని, అడగవలసిన మొత్తాన్ని తగ్గించడం. ప్రభుత్వ పశువైద్యశాలలు, పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఉండే బోధనాసుపత్రులు ప్రైవేటు క్లినిక్‌ల కన్నా చాలా తక్కువ ఖర్చుతో చూస్తాయి. హైదరాబాద్‌లో నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల, ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలు ఇందుకు ఉదాహరణలు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా రైతుల పశువుల కోసం ఏర్పడినవే అయినా, తమ ప్రాంతంలో ఆ సేవ కుక్కలకు ఎంతవరకు అందుతుందో ముందే కనుక్కొని ఉంచుకోవడం వివేకం. బోధనాసుపత్రుల్లో సాధారణంగా పనివేళలు పరిమితంగా ఉంటాయి, వరుసలో నిలబడవలసి వస్తుంది, ఆపరేషన్ తరువాత కుక్కను అక్కడే ఉంచుకొనే వసతి ఉండకపోవచ్చు. అందువల్ల రాత్రివేళ ప్రాణాపాయం ఉన్నప్పుడు ప్రైవేటు క్లినిక్‌లో ప్రథమ చికిత్స చేయించి, ఎముకల ఆపరేషన్ వంటి పెద్ద ఖర్చు ఉన్న పనికి బోధనాసుపత్రికి మార్చడం అనుభవజ్ఞులు అనుసరించే మార్గం. మనుషులకు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలను జాలితో కుక్కకు మింగించడం వల్ల కడుపులో పుండ్లు పడి, మూత్రపిండాలు దెబ్బతిని, విరిగిన కాలికి అయ్యే ఖర్చుకు మరో ఖర్చు తోడవుతుంది గనుక, వైద్యుణ్ణి అడగకుండా ఏ మందూ వేయకపోవడం కూడా డబ్బు ఆదా చేసే మార్గాల్లో ఒకటే.

ఆ తరువాత వైద్యుడి నుంచి రాతపూర్వకమైన అంచనా తీసుకోవాలి. అంచనా అంటే, గాయం ఏమిటి, చికిత్స ఏమిటి, ఎన్ని రోజులు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అన్న నాలుగు విషయాలను క్లినిక్ కాగితం మీద తేదీతో సహా రాసి ఇచ్చే పత్రం. ఇది తీసుకొనేటప్పుడు అడగడానికి చాలామంది జంకే ప్రశ్న ఒకటుంది: ఈ కుక్క కోలుకొనే అవకాశం ఎంత? వెన్నెముకకు దెబ్బ తగిలిన కుక్కల్లో వైద్యుడు వెనక కాలి వేలిని పట్టకారుతో గట్టిగా నొక్కి చూస్తాడు. కుక్క కాలు వెనక్కి లాక్కున్నంత మాత్రాన సరిపోదు, తల తిప్పి చూడడమో, మూలగడమో చేస్తేనే నొప్పి మెదడు దాకా చేరుతోందని అర్థం. ఆ లోతైన నొప్పి స్పర్శ పూర్తిగా పోయిన కుక్క మళ్లీ నడిచే అవకాశం చాలా తక్కువ. ఈ విషయం తెలిసి కూడా "ఆపరేషన్ చేస్తే పరిగెడుతుంది" అని రాసి విరాళాలు అడగడం తప్పు. అదే సమయంలో, తుంటి ఎముకలు విరిగిన కుక్కలు అన్నింటికీ ఆపరేషన్ అక్కర్లేదనీ, కీలు భాగం దెబ్బతినకుండా, ఎముకలు పెద్దగా జరగకుండా ఉంటే నాలుగు నుంచి ఆరు వారాలు చిన్న చోట కదలకుండా ఉంచడంతోనే చాలావాటికి నయమవుతుందనీ వైద్యులు చెబుతారు. ఎక్స్‌రే చూడకముందే పెద్ద మొత్తం అడిగినవారు, తీరా ఆపరేషన్ అక్కర్లేదని తేలాక దాతలకు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

అంచనాలో కనిపించని ఖర్చు

సేకరణలు సగంలో కుప్పకూలేది ఎక్కువగా ఆపరేషన్ అయిన తరువాతే. ఉదాహరణకు, తొడ ఎముక విరిగిన కుక్కకు ఒక క్లినిక్ ప్లేటుతో సహా ఆపరేషన్‌కు రూ. 22,000 అంచనా ఇచ్చిందని అనుకుంటే (ఈ అంకెలు లెక్క చూపడానికి ఊహించినవే, ఊరిని బట్టి మారతాయి), ఎక్స్‌రేలు, రక్తపరీక్షలకు రూ. 3,500, మందులకు రూ. 2,500, ఆపరేషన్ తరువాత 30 రోజులు బోర్డింగ్‌లో, అంటే రోజువారీ రుసుము తీసుకొని కుక్కను ఉంచుకొనే చోట, రోజుకు రూ. 400 చొప్పున రూ. 12,000, రానుపోను వాహనానికి రూ. 1,500, కుట్లు విప్పడానికి, మరోసారి ఎక్స్‌రేకు రూ. 1,500 కలిపితే మొత్తం రూ. 43,000 తేలుతుంది. అంటే ఆపరేషన్ ఖర్చు మొత్తంలో సగం కన్నా కాస్త మాత్రమే ఎక్కువ. రూ. 22,000 మాత్రమే అడిగి సేకరణ ముగించినవారు మిగతా సగాన్ని జేబులోంచి పెట్టుకోవాలి, లేదా "ఇంకా కావాలి" అని మళ్లీ అడగాలి, లేదా కుట్లు ఆరకముందే కుక్కను వీధిలో వదిలేయాలి. మూడోది జరిగినప్పుడు ప్లేటు కదిలి, చీము పట్టి, అంతకుముందు ఖర్చు చేసిన ప్రతి రూపాయీ నేలపాలవుతుంది. అందుకే కుక్క తిరిగి తన వీధికి గాని, దత్తత తీసుకొన్న ఇంటికి గాని చేరే రోజు దాకా అయ్యే ఖర్చంతా మొదటి విజ్ఞప్తిలోనే అడగాలి, ఊహించని ఖర్చులకు పదో వంతు కలపాలి, ఆ కలిపిన విషయాన్ని కూడా చెప్పాలి.

నడుము పడిపోయిన కుక్కల విషయంలో ఈ లెక్క ఇంకా జాగ్రత్తగా వేయాలి. అలాంటి కుక్కకు రోజుకు మూడు నాలుగుసార్లు పొట్ట కింద రెండు చేతులతో మెల్లగా నొక్కి మూత్రం పోయించాలి, పుండ్లు పడకుండా కొన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలి, తడిసిన గుడ్డలు మార్చి చర్మం ఆరబెట్టాలి. ఏమరుపాటున వదిలేసిన చిన్న పుండు మీద ఈగలు గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు బయలుదేరతాయి. ఈ సేవ చేసే మనిషి జీతం విరాళం అడిగే జాబితాలో ఉండాలా అని కొందరు మొహమాటపడతారు, తప్పకుండా ఉండాలి. సేవకు విలువ కట్టకుండా ఒకే వ్యక్తి మీద నెలల తరబడి వేసిన భారం చివరికి ఆ వ్యక్తినీ కుక్కనూ కుంగదీస్తుంది.

ఒక కుక్క, ఒక పేరు, ఒక మొత్తం

విజ్ఞప్తి రాయడంలో మనస్తత్వ పరిశోధనలు కొంత దారి చూపుతాయి. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, లక్షలాది మంది ఆకలి గురించిన గణాంకాలు చదివినవారి కన్నా, ఆఫ్రికాలోని ఒకే ఒక బాలిక గురించి చదివినవారు ఎక్కువ ఇచ్చారు. ఆ బాలిక కథకు గణాంకాలను జోడించి చూపినప్పుడు విరాళం పెరగకపోగా తగ్గింది. గుర్తుపట్టగల ఒక్క బాధితుడి పట్ల మనసు ఎక్కువగా స్పందించే ఈ స్వభావాన్ని పరిశోధకులు గుర్తించదగిన బాధితుడి ప్రభావం అంటారు. అది మనుషుల మీద జరిగిన అధ్యయనమే అయినా, కుక్కల కోసం విరాళాలు సేకరించేవారి రోజువారీ అనుభవం దానికి భిన్నంగా లేదు. "మన నగరంలో వేలాది కుక్కలు బాధపడుతున్నాయి" అన్న వాక్యం చదివినవారు నిట్టూర్చి ముందుకు పోతారు. కింది తీరులో రాసిన విజ్ఞప్తి దగ్గర వారు ఆగుతారు:

"మల్లికి రెండేళ్లు. కిరాణా కొట్టు అరుగు కింద పడుకొనే తెల్ల కుక్క ఇదే. శనివారం రాత్రి కారు గుద్దడంతో కుడి వెనక కాలి తొడ ఎముక విరిగింది. ఎక్స్‌రే, డాక్టరు ఇచ్చిన అంచనా కింద ఉన్నాయి. మంగళవారం ఆపరేషన్. నెల రోజుల సంరక్షణతో కలిపి మొత్తం రూ. 43,000, అనుకోని ఖర్చులకు రూ. 4,300. ఇప్పటికి వచ్చింది రూ. 9,500. డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకు పంపవచ్చు. రేపు రాత్రి 8 గంటలకు లెక్క పెడతాం."

ఈ కొద్ది వాక్యాల్లో జాలి గొలిపే విశేషణం ఒక్కటీ లేదు, కాని చదివినవారు అడగబోయే దాదాపు ప్రతి ప్రశ్నకూ జవాబు ఉంది. అరుగు కింద పడుకొనే కుక్క అనగానే ఆ వీధివాసులకు అది పరిచయమైన ప్రాణి అవుతుంది. ఇప్పటికి ఎంత వచ్చిందో చెప్పడానికి కూడా కారణం ఉంది. కీవా అనే అంతర్జాతీయ చిన్న రుణాల వేదిక మీద జరిగిన సేకరణలను సింథియా క్రైడర్, ఆమె సహ పరిశోధకులు పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, లక్ష్యం దగ్గరపడేకొద్దీ ఇచ్చేవారి వేగం పెరిగినట్టు తేలింది. ఖాళీ డబ్బాలో మొదటి నాణెం వేయడానికి జనం వెనకాడతారు గనుక, విజ్ఞప్తిని బహిరంగంగా పెట్టకముందే దగ్గరివారి నుంచి ఐదో వంతైనా సమకూర్చుకోవడం మంచిది.

ఫొటోల విషయంలో ఒక నిగ్రహం అవసరం. మాంసం బయటపడిన గాయాన్ని పెద్దదిగా చూపితే కొందరు వెంటనే డబ్బు పంపవచ్చు గాని, చాలామంది కళ్లు తిప్పుకొని ఆ గ్రూపును మ్యూట్ చేస్తారు. పైగా బాధలో ఉన్న ప్రాణిని ప్రదర్శన వస్తువుగా మార్చడం ఆ పని వెనకున్న ఉద్దేశానికే విరుద్ధం. కట్టు కట్టిన తరువాత కెమెరా వైపు చూస్తున్న ముఖం ఒకటి, ఎక్స్‌రే ఒకటి సరిపోతాయి. గాయం ఫొటో చూడదలచినవారు అడిగితే విడిగా పంపవచ్చు.

డబ్బు నడిచే దారి

ఎక్కువమంది చేసే పొరపాటు సొంత యూపీఐ నంబరు ఇవ్వడం. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, బంధువులు కానివారి నుంచి ఒక వ్యక్తికి ఒక ఆర్థిక సంవత్సరంలో ఊరికే వచ్చిన డబ్బు రూ. 50,000 దాటితే, దాటిన భాగం మాత్రమే కాక మొత్తమంతా ఆ వ్యక్తి ఆదాయం కింద పన్నుకు లోబడవచ్చు. రెండు మూడు ఆపరేషన్లకు విరాళాలు సేకరించినవారు ఈ గీతను తెలియకుండానే దాటిపోతారు. ఆ డబ్బంతా కుక్కల మీదే ఖర్చయిందని నిరూపించవలసిన భారం అప్పుడు వారి మీదే పడుతుంది. అంతకన్నా మెరుగైన దారి, దాతలు నేరుగా ఆసుపత్రి ఖాతాకే పంపి, స్క్రీన్‌షాట్‌ను సేకరించేవారికి తెలియజేయడం. కుక్క పేరును చెల్లింపు వివరాల్లో రాయమంటే ఆసుపత్రివారికి జమ చూసుకోవడం సులువవుతుంది. మందుల దుకాణం, బోర్డింగ్ వంటి చిల్లర ఖర్చులకు వ్యక్తి ఖాతా తప్పనిసరైతే, జీతం పడే ఖాతా కాకుండా వేరే ఖాతా తెరిచి, ఆ ఒక్క పనికే వాడాలి. పశువైద్య క్లినిక్‌లు జంతువులకు అందించే వైద్యసేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి, బిల్లులో వైద్యం రుసుము మీద పన్ను వేసి ఉంటే మర్యాదగా అడిగి సరిచేయించుకోవచ్చు. విడిగా కొన్న మందులకు, ఆహారానికి ఇది వర్తించదు.

కెట్టో, మిలాప్ వంటి క్రౌడ్‌ఫండింగ్ వేదికలు, అంటే అపరిచితులైన అనేకమంది నుంచి చిన్న మొత్తాలను ఇంటర్నెట్ ద్వారా కూడగట్టే సంస్థలు, దూరంలో ఉన్నవారిని చేరడానికి ఉపయోగపడతాయి. ఆ వేదిక తీసుకొనే రుసుము ఎంత, దాత నుంచి అదనంగా అడిగేది ఎంత, డబ్బు చేతికి రావడానికి ఎన్ని రోజులు పడుతుంది అన్నవి ముందే చదువుకోవాలి. మంగళవారం ఆపరేషన్‌కు వచ్చే వారం అందే డబ్బు అక్కరకు రాదు.

పన్ను మినహాయింపు అడిగే దాతలు కూడా ఉంటారు. వాడుకలో 80జీ అని పిలిచే ఈ మినహాయింపు గుర్తింపు ఉన్న సంస్థలకు ఇచ్చిన విరాళాలకే వర్తిస్తుంది, వ్యక్తులకు ఇచ్చినవాటికి వర్తించదు, రూ. 2,000 మించిన నగదుకు అసలే రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకొన్నవారికి ఈ ప్రయోజనం లేదు. అందువల్ల పెద్ద మొత్తం ఇవ్వదలచిన దాతను, నమోదైన జంతు సంక్షేమ సంస్థ ద్వారా ఇమ్మని చెప్పి, ఆ సంస్థ ఆ మొత్తాన్ని ఫలానా కుక్క వైద్యానికి కేటాయించేలా ముందే రాతపూర్వకంగా మాట్లాడుకోవడం ఉభయులకూ మేలు. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు కూడా 2013 కంపెనీల చట్టంలోని ఏడో షెడ్యూలు ప్రకారం జంతు సంక్షేమానికి ఇవ్వవచ్చు గాని, వాటికి నమోదు, సమయం కావాలి. ఒక్క కుక్క ఆపరేషన్‌కు అవి పనికిరావు, అంబులెన్సు, ఎక్స్‌రే యంత్రం వంటివాటికి పనికివస్తాయి.

తెలుగువారి విషయంలో ప్రత్యేకంగా తెలుసుకోవలసింది విదేశీ విరాళాల సంగతి. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న మేనల్లుడు, పాత క్లాస్‌మేట్ ప్రేమతో డబ్బు పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకొన్నవారు, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం దృష్టిలో విదేశీ మూలమే. వారి విరాళం ఆ చట్టం కింద నమోదైన సంస్థకు, అదీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఆ సంస్థకున్న ప్రత్యేక ఖాతాకే చేరాలి. ఒకే ఇంట్లో అన్న పంపిన డబ్బుకు లేని చిక్కు తమ్ముడు పంపినదానికి రావచ్చు. కాబట్టి డబ్బు తీసుకోవడానికి ముందే పౌరసత్వం అడగాలి; ఇందులో నామోషీ లేదు.

లెక్క

ఎవరిని అడగాలన్నది నిజానికి తేలిక ప్రశ్న. కుక్కను రోజూ చూసే వీధి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్, ఆఫీసు సహోద్యోగులు, చివరగా అపరిచితులు: ఈ వరుసలో పోతే చాలు. నలుగురూ నాలుగు రాళ్లు వేస్తే గోడ లేస్తుంది గనుక, రూ. 100 ఇచ్చినవారి పేరు రూ. 5,000 ఇచ్చినవారి పేరు పక్కనే, అదే సైజు అక్షరాల్లో ఉండాలి. పేరు వద్దన్నవారిని "శ్రేయోభిలాషి" అని రాయాలి.

అసలు కష్టం తరువాతిది. లక్ష్యం చేరగానే గ్రూపులో మౌనం వహించడం ఏరు దాటాక తెప్ప తగలేయడమే. ఒక పేజీ లెక్క ఎలా ఉండాలంటే, ఎడమ వైపు తేదీ, దాత పేరు, మొత్తం. కుడి వైపు తేదీ, ఖర్చు, బిల్లు నంబరు. అడుగున ఆ రోజు నిల్వ. ఆటో డ్రైవరు రసీదు ఇవ్వడు కాబట్టి ఆ ఖర్చుకు చేతిరాత చీటీ, దాని పక్కన "రసీదు లేదు" అన్న మాట. ఆ రెండు మాటల నిజాయతీ దాతకు పది బిల్లుల కన్నా ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. వైద్యం సాగుతున్నన్నాళ్లు వారానికి ఒకసారి ఆ పేజీ ఫొటో, కుక్క ఫొటో కలిపి పెట్టాలి. తోక ఊపుతున్న చిన్న వీడియో అయితే మరీ మంచిది.

మిగులు ఏమవుతుందో మొదటి విజ్ఞప్తిలోనే చెప్పి ఉంచాలి. "మిగిలితే తరువాతి కుక్కకు వాడతాం, తిరిగి కావాలన్నవారు ఫలానా తేదీలోగా అడగవచ్చు" అన్న ఒక్క వాక్యం పెద్ద తగాదాలను నివారిస్తుంది. అలా మిగిలిన చిన్న మొత్తాలను కలిపి ఒక అత్యవసర నిధిగా ఉంచుకొంటే, తరువాతిసారి రాత్రి పదకొండు గంటలకు క్లినిక్‌లో అడ్వాన్సు కట్టడానికి ఫోన్లు చేసే అవసరం తగ్గుతుంది. నెలకు రూ. 200 ఇచ్చే 50 మంది దొరికితే ఆ నిధికి నెలకు రూ. 10,000 చేరుతుంది; ఒక్కసారి రూ. 10,000 ఇచ్చే దాత కోసం వెతకడం కన్నా ఈ దారి నిలకడైనది.

కొన్ని కుక్కలు బతకవు. ఆపరేషన్ బల్ల మీదో, వారం తరువాత ఇన్ఫెక్షన్ సోకో చనిపోతాయి. అలాంటి రోజున సేకరించినవారికి దుఃఖం, ఇచ్చినవారికి ఏం చెప్పాలన్న భయం రెండూ కలిసి వస్తాయి. ఆ భయంతో వార్తను రోజుల తరబడి దాచినవారికి మళ్లీ ఎవరూ ఇవ్వలేదంటే తప్పు ఇచ్చేవారిది కాదు. మల్లి లాంటి కుక్క చనిపోతే, అదే సాయంత్రం చనిపోయిన సమయం, వైద్యుడు చెప్పిన కారణం, అప్పటిదాకా అయిన ఖర్చు, మిగిలిన మొత్తం, ఆఖరి రసీదు ఫొటోతో సహా గ్రూపులో ఉండాలి.